పట్టణ విస్తరణ - పర్యావరణ పరిశీలన: గ్రామము తెలుసుకొనవలసిన సంగతులు

ఒక గ్రామపు పొలములలో పట్టణము కట్టదలచినప్పుడు అందరి దృష్టియు ముందుగా ఎకరమునకు ధర ఎంత, ఎవరికి ఎన్ని గజములు వచ్చును అను విషయములపై నిలుచును. అది సహజమే. కాని ఆ పొలములు ఇంతవరకు చేయుచుండిన పని మరియొకటి కలదు. వానకాలములో పై పొలములనుండి దిగిన నీటిని గట్లతో పట్టి, కొంత ఇంకించుకొని, మిగిలినదానిని మెల్లగా వాగునకు వదలుటయే ఆ పని. దీనికి శిస్తు పుస్తకములో లెక్క లేదు, పట్టాలో ప్రస్తావన లేదు. పొలము పోయిన తరువాత వచ్చిన మొదటి పెద్దవానకు ఆ పని విలువ తెలియును. అదియు అమ్మిన వానికి కాదు. అమ్మకుండ ప్రక్కనే సేద్యము చేసికొనుచున్న వానికి తెలియును.

ఇట్టి సంగతులను పని మొదలుపెట్టక పూర్వమే లెక్కించుటకు ఏర్పరచిన విధానమునకే పర్యావరణ ప్రభావ మదింపు అని పేరు. ఇది 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టము క్రింద వచ్చినది. మొదటి ప్రకటన 1994లో వెలువడినది. దాని స్థానములో 2006 సెప్టెంబరు 14న మరియొక ప్రకటన వచ్చినది. పిమ్మట పెక్కు సవరణలతో అదియే అమలులో నున్నది. దీని సారాంశము ఒక్క మాటలో చెప్పవచ్చును: ముందు అనుమతి, తరువాత పని. భూమికి కంచె వేసికొని కాపాడుకొనుట తప్ప, అనుమతి రాకముందు నేలను చదును చేయుటకు గాని, పునాదులు త్రవ్వుటకు గాని వీలులేదు. కావున అనుమతి పత్రము చేతికి రాకుండగనే యంత్రములు వచ్చి గట్లు త్రోయుచున్న యెడల, అది సంబంధిత అధికారుల దృష్టికి తీసికొనిపోదగిన విషయము.

ఏ నిర్మాణమునకు ఇది వర్తించును?

ప్రతి ఇంటికిని ఈ పరిశీలన లేదు. 2006 ప్రకటన ప్రకారము అన్ని అంతస్తులను కలుపుకొని 20,000 చదరపు మీటరులు (సుమారు 24,000 చదరపు గజములు), అంతకు మించి కట్టుబడి గల భవనములకు అనుమతి కావలెను. నేల విస్తీర్ణము 50 హెక్టారులు, అనగా సుమారు 123 ఎకరములు, లేక అంతకు పైబడినచో గాని, కట్టుబడి 1,50,000 చదరపు మీటరులు, అంతకు పైబడినచో గాని, దానిని పట్టణ నిర్మాణ పథకముగా లెక్కింతురు. రెండవ తరగతివారు పూర్తి మదింపు నివేదికను తయారు చేయించి దాఖలు చేయవలెను. మొదటి తరగతివారికి నిర్ణీత నమూనాలో అర్జీయు, నిర్మాణ పథకపు పటములును చాలును.

ఇక్కడ గ్రామోద్యోగులు ఒక సంగతి గమనింపవలెను. మన ఊళ్ల ప్రక్కన వెలయుచున్న వెంచర్లలో చాలా భాగము ఈ హద్దులకు లోబడి యుండును. ముప్పది ఎకరములు ఒకరు, నలువది ఎకరములు ఒకరు ప్లాట్లుగా కోసి అమ్మినప్పుడు ఏ ఒక్కదానికిని ఈ పరిశీలన లేదు. కాని వాగునకు అవి వేరువేరు వెంచర్లు కావు. నాలుగు కలిసి నూరు ఎకరములకు మించిన నీటిని ఒకే కాలువలోనికి త్రోయును. అట్టి చోట్ల లేఅవుటు అనుమతి ఇచ్చు సమయమున పంచాయతీయు, పట్టణ ప్రణాళికా శాఖయు నీటి దారిని అడుగకపోయినచో మరెవ్వరును అడుగరు. ఒకే యజమాని పెద్ద పథకమును హద్దు దాటకుండ ముక్కలు చేసి చూపించుటయు లేకపోలేదు. సర్వే నంబర్లు ప్రక్కప్రక్కనే యుండి, బాటలు ఒకటిగా కలిసియున్న యెడల గ్రామ పటము చూచిన వారికి అది దాగదు.

నీటి లెక్క

మదింపు నివేదికలో గాలి, శబ్దము, చెట్లు, జంతువులు మొదలగు అధ్యాయములు అనేకము లుండును. అన్నియు అవసరమైనవే. కాని పొరుగు రైతునకు బ్రతుకు తెరువుతో ముడిపడినది నీటి అధ్యాయము గనుక దానిని కొంచెము విపులముగ చూతము.

లెక్క కొరకు 50 హెక్టారుల చేను తీసికొందము. ఒక పూటలో 100 మిల్లీమీటరులు, అనగా నాలుగు అంగుళముల వాన కురిసినదనుకొందము. ఆ నేలపై పడిన నీరు 50,000 ఘనపు మీటరులు. గట్లు గల చేలలో నూటికి 30 వంతులు పారిపోవుననుకొన్నచో వాగునకు చేరునది 15,000 ఘనపు మీటరులు. అదే నేలపై ఇండ్ల కప్పులు, సిమెంటు బాటలు వచ్చి నూటికి 80 వంతులు పారినచో వాగునకు చేరునది 40,000 ఘనపు మీటరులు. వాన పెరుగలేదు, వాగు వెడల్పు పెరుగలేదు. నీరు మాత్రము రెండున్నర రెట్లకు మించినది. పైగా గట్టు గట్టున ఆగుచు వచ్చెడి నీరు ఇప్పుడు కాంక్రీటు కాలువలో పరుగెత్తుకొని వచ్చును గనుక వాగునకు దానిని మ్రింగుటకు వ్యవధి యుండదు.

ఈ వంతులు నేలనుబట్టియు, వాలునుబట్టియు మారును. నల్లరేగడి వేసవిలో నెర్రెలు విచ్చియున్నప్పుడు తొలకరి వానను ఎంత పడినను త్రాగివేయును. అదే నేల ఆశ్వయుజములో పూర్తిగా నానియున్నప్పుడు దాదాపు రాయివలె నీటిని దొర్లించును. రేగడి భూములు దున్నువారికి ఇది క్రొత్తగా చెప్పవలసినది కాదు. అయితే మదింపు నివేదికకు కావలసిన వివరములను సాధారణముగా ఒక ఋతువులో, అదియు వానకాలము కాని ఋతువులో సేకరింతురు. మాఘ ఫాల్గుణములలో వచ్చి చూచిన వానికి వాగు ఎండి ఇసుక దారివలె కనబడును; పల్లపు చేలు చదునైన మైదానమువలె కనబడును. అతడు వ్రాసినది అబద్ధము కాదు. కాని కార్తీకమాసపు తుపానులో అక్కడ ఎన్ని రోజులు నీరు నిలుచునో అతని పుస్తకములో లేదు. ఆ సంగతి ఆ చేనిలో ప్రత్తి పోగొట్టుకొన్న రైతునకు తెలియును.

మెరక చేయుట మరియొక చిక్కు. కట్టుబడి చేయువారు తమ నేలను మూడు నాలుగు అడుగులు ఎత్తుచేసికొందురు. అప్పుడు వారి స్థలము మునుగదు. నివేదికలో ఈ స్థలమునకు ముంపు భయము లేదని వ్రాయుదురు. అది వారి స్థలమునకు సంబంధించినంతవరకు నిజమే. కాని ఎగువ చేల నీరు ఇంతవరకు ఆ నేలమీదుగనే దిగుచుండెను. ఇప్పుడది మట్టికట్టకు కొట్టుకొని వెనుకకు నిలుచును. ప్రత్తి, మిరప వంటి పైర్లు వేళ్లకు గాలి అందక రెండు మూడు దినములలోనే వడలిపోవును. కావున నివేదికలో చూడవలసినది ఆ స్థలము మునుగునా లేదా అని కాదు. ఆ స్థలము ఎత్తయిన తరువాత దాని చుట్టునున్న సర్వే నంబర్లలో నీటిమట్టము ఎంత పెరుగును అని. ఈ రెండవ ప్రశ్నకు సమాధానము లేని నివేదిక ఎంత లావుగా నున్నను అసంపూర్ణమే.

మురుగు నీటి లెక్క దీనికంటె సులభము. నగరములలో మనిషి ఒక్కింటికి దినమునకు 135 లీటరుల చొప్పున నీరు సరఫరా చేయుట ప్రమాణము. పదివేల జనాభా వచ్చినచో దినమునకు 13.5 లక్షల లీటరులు. అందులో నూటికి 80 వంతులు మురుగుగా తిరిగి వచ్చుననుకొన్నను 10.8 లక్షల లీటరులు. దీనిని శుద్ధి చేయు కేంద్రము ఎక్కడ కట్టుదురు, అది పనిచేయని రోజున నీరు ఏ కాలువలోనికి పోవును, ఆ కాలువ క్రింద ఎవరి ఆయకట్టు ఉన్నది అను మూడు ప్రశ్నలకు నివేదికలో జవాబు వెదకవలెను. మొదటి ప్రశ్నకు జవాబు తప్పక యుండును. మూడవదానికి తరచు ఉండదు.

పై మన్ను సంగతి కూడ చెప్పి ముందుకు పోవుదము. ఎకరము నేలలో పై ఆరు అంగుళముల మన్ను సుమారు 600 ఘనపు మీటరులు. తరతరములుగా పశువుల ఎరువు, చెరువు మట్టి తోలి పెంచిన సారమంతయు అందులోనే యున్నది. దీనిని వేరుగా తీసి నిలువచేసి చెట్లపెంపకమునకు వాడవలెనని అనుమతి పత్రములలో సామాన్యముగా షరతు పెట్టుదురు. పునాదుల గోతులలో పూడ్చివేసిన తరువాత అడిగి ప్రయోజనము లేదు. మిగులు మన్నును చౌడు పొలములు గల సమీప రైతులకు ఇప్పించుటకు పంచాయతీ ముందుగా వ్రాసికొనుట మంచిది.

అమరావతి అనుభవము

మన రాష్ట్రములో ఈ పరిశీలన ఎంత విస్తారముగా జరుగవచ్చునో చూపుటకు అమరావతిని మించిన ఉదాహరణ లేదు. 2014లో రాష్ట్ర విభజన తరువాత రాజధాని స్థలము కొరకు కేంద్ర ప్రభుత్వము నియమించిన శివరామకృష్ణన్ సంఘము, విజయవాడ - గుంటూరు ప్రాంతములో సారవంతమైన పంట భూములపై ఒకే పెద్ద నగరము కట్టుట మంచిది కాదని ఆ సంవత్సరమే హెచ్చరించినది. రాష్ట్ర ప్రభుత్వము తుళ్లూరు, మంగళగిరి, తాడేపల్లి మండలములలో సుమారు 217 చదరపు కిలోమీటరుల ప్రాంతమును ఎన్నుకొన్నది. 29 గ్రామముల రైతులనుండి భూసమీకరణ పద్ధతిని 33,000 ఎకరములకు పైగా భూమి సేకరింపబడినది. కృష్ణ ఒడ్డున తక్కువ లోతులోనే నీరుపడి ఏడాది పొడవున అరటి, కూరగాయలు, పూలు పండు జరీబు భూమికి ఎకరమునకు ఏటా 50,000 రూపాయలు, మెట్ట భూమికి 30,000 రూపాయలు కౌలు నిర్ణయించిరి. అది ఏటేటా పెరుగునట్లు ఏర్పాటు చేసిరి. ఇవ్వవలసిన ప్లాట్ల గజములలో కూడ ఆ భేదమును పాటించిరి. పరిహారపు లెక్కలో జరీబునకు, మెట్టకు గల భేదమును గుర్తించుట సమంజసమే. అయితే పరిహారము యజమానికి చెల్లును గాని, అక్కడి నేల చేసిన నీటి పనికి చెల్లదు.

రాష్ట్ర స్థాయి పర్యావరణ ప్రభావ మదింపు సంస్థ 2015 అక్టోబరు 9న ఈ నగరమునకు అనుమతి ఇచ్చినది. అక్టోబరు 22న ఉద్దండరాయునిపాలెమున ప్రధానమంత్రి శంకుస్థాపన చేసిరి. అనుమతిపై జాతీయ హరిత ట్రిబ్యునలులో అభ్యంతరములు దాఖలైనవి. వాటిలో ముఖ్యమైన వాదన వరదను గురించినది, అందులోను కొండవీటి వాగును గురించినది.

కొండవీడు కొండలలో పుట్టిన ఈ వాగు నీరుకొండ, కృష్ణాయపాలెము మీదుగా వచ్చి ఉండవల్లి వద్ద, ప్రకాశం బారేజికి ఎగువన కృష్ణలో కలియును. చూచుటకు చిన్న వాగు. దీని చిక్కు అంతయు కలియు చోటనే యున్నది. బారేజి వద్ద నదిమట్టము ఎత్తుగా నున్నప్పుడు వాగు నీరు తనంత తాను నదిలోనికి పోలేదు. వెనుకకు తన్ని పొలములలో పరచుకొనును. నది తగ్గినప్పుడు వాగు తీయును. అంతవరకు ఆ నీటిని మోసినది పల్లపు చేలే. ఆ చేల రైతులకు కొన్ని సంవత్సరములలో ఖరీఫు పోయి రబీ మాత్రమే మిగిలెడిది.

2017 నవంబరు 17న ట్రిబ్యునలు తీర్పు చెప్పినది. అనుమతిని రద్దు చేయలేదు. కాని వరద మైదానమును గురించియు, కొండవీటి వాగు పరీవాహ ప్రాంతమును గురించియు అధ్యయనము జరుపవలెననియు, తగిన అధ్యయనము లేకుండ సహజమైన నీటి దారులను, నది కట్టలను మార్చరాదనియు అదనపు షరతులు విధించినది. వాని అమలును చూచుటకు సంఘములను ఏర్పరచినది. అభ్యంతరము చెప్పినవారు కోరినదంతయు లభించలేదు. కాని వాగు మాట ఎవరును ప్రక్కకు నెట్టలేని విధముగా తీర్పులోనికి ఎక్కినది. ఒక చిన్న వాగును గూర్చి గ్రామస్థులకు మాత్రమే తెలిసిన సంగతి ఇంత దూరము పోవుట గమనింపదగినది.

2018లో ఉండవల్లి వద్ద 5,000 క్యూసెక్కుల నీటిని వాగునుండి నదిలోనికి తోడు ఎత్తిపోతల కేంద్రము ప్రారంభమైనది. 5,000 క్యూసెక్కులు అనగా సెకనుకు సుమారు 1.4 లక్షల లీటరులు. దినమెల్ల తోడినచో 0.43 టి.ఎం.సి. నగర ప్రణాళికలో నీరుకొండ, కృష్ణాయపాలెము, శాఖమూరు వద్ద జలాశయములను, కొండవీటి వాగు, పాల వాగుల వెడల్పును కూడ చేర్చిరి. ఇవి అవసరమైన పనులే. అయినను ఇంతకుముందు పల్లపు పొలము ఖర్చు లేకుండ చేసిన పనిని ఇకమీదట పంపులు, విద్యుత్తు, కాపలా మనుష్యులు ప్రతి వానకాలమును తప్పకుండ చేయవలసి యున్నవి. ఒక సంవత్సరము పంపు ఆగినచో ఏమగునను ప్రశ్న నగరమున్నంతకాలము ఉండును.

2019 తరువాత రాజధాని పనులు చాలవరకు నిలిచిపోయినవి. రాజధాని విషయమై హైకోర్టు తీర్పు 2022 మార్చి 3న వచ్చినది. 2025 మే 2న పనులు మరల ప్రారంభింపబడినవి. ఈ మధ్యలోనే 2024 సెప్టెంబరు ఆరంభమున ప్రకాశం బారేజి వద్ద 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినది. 2009 అక్టోబరు వరదను కూడ ఇది మించినది. అదే వారములో నదికి ఆవలి వైపున బుడమేరు పొంగి విజయవాడ సింగునగరు ప్రాంతమును రోజుల తరబడి ముంచినది. బుడమేరు కృష్ణ అంతటిది కాదు. కొల్లేటిలో కలియు ఒక ఏరు. ఒకప్పుడు అది పరచుకొనుటకు చేలుండెను. తరువాత ఆ చేలలో కాలనీలు వచ్చినవి. చేను రెండు రోజులు మునిగినచో ఒక పంటకు నష్టము. ఇల్లు రెండు రోజులు మునిగినచో ఆ నష్టమును ఎవరు ఎట్లు లెక్కింతురు?

గ్రామము ఎక్కడ మాటాడవలెను?

పరిశ్రమలకు, గనులకు వలె పట్టణ నిర్మాణములకు కూడ కలెక్టరు అధ్యక్షతన ప్రజాభిప్రాయ సేకరణ సభ జరుగునని చాలమంది ఎదురుచూతురు. సాధారణముగా జరుగదు. భవన నిర్మాణములను, పట్టణ పథకములను 2006 ప్రకటనయే దానినుండి మినహాయించినది. ఆ పథకములో పెద్ద తరగతికి చెందిన మరియొక పని కలిసియున్నప్పుడు సంగతి వేరు. ఈ మినహాయింపు న్యాయమని మాకు తోచదు. పదివేల ఇండ్ల పట్టణము చిన్న కర్మాగారముకంటె తక్కువ నీటిని కదలించదు. కాని ఉన్న నియమము అది. కావున సభలో లేచి చెప్పుదమని దాచుకొన్న మాటను ముందుగనే కాగితముపై పెట్టవలెను.

మొదటి అవకాశము సమాచార సేకరణ దశలో వచ్చును. నివేదిక తయారుచేయు కన్సల్టెంటు సంస్థవారు నీటి నమూనాలకు, మట్టి నమూనాలకు గ్రామములోనికి వత్తురు. పథకపు స్థలము చుట్టును పది కిలోమీటరుల దూరమువరకు వివరములు తీసికొనుట పరిపాటి. వారిని దూరముగ నుంచుట తెలివి కాదు. ఏ బావిలో నమూనా తీసిరో, ఏ వాగు వద్ద ఏ తేదీన తీసిరో వ్రాసికొని, వరద మట్టము ఎక్కడివరకు వచ్చునో చూపించి, ఆ సంగతి వ్రాతమూలముగా కూడ ఇచ్చి రసీదు తీసికొనవలెను.

రెండవది రాష్ట్ర నిపుణుల మదింపు సంఘము పథకమును పరిశీలించు దశ. కేంద్ర ప్రభుత్వపు పరివేష్ పోర్టలులో అర్జీలును, సమావేశముల కార్యక్రమములును, మినిట్సును ఉంచుదురు. గ్రామ సచివాలయములో కంప్యూటరు కలదు. పథకము పేరుతో వెదకి తీయుట కష్టము కాదు. సంఘమునకు పంపు అర్జీ పొడుగుగా నుండనవసరము లేదు. ఆవేశపు మాటలు అసలే వలదు. రెండు పుటలలో సర్వే నంబర్లతో, తేదీలతో వ్రాసిన అర్జీకి, నూరుమంది సంతకములతో ఊరక వ్యతిరేకించిన అర్జీకంటె బలమెక్కువ. వాస్తవమును దాచి, లేక తప్పు వివరములిచ్చి పొందిన అనుమతిని రద్దు చేయుటకు ప్రకటనలో వీలున్నది. అయితే అది తప్పు అని చూపించు ఆధారము ఎవరో ఒకరు ఇవ్వవలెను గదా.

ఆ ఆధారములు గ్రామములోనే యున్నవి. కరణములు, మునసబులు 1984తో పోయినను వారు వ్రాసిన పుస్తకములు పోలేదు. గ్రామ పటములో, ఎఫ్.ఎం.బి.లో, ఆర్.ఎస్.ఆర్.లో వాగు పోరంబోకు, డొంక, కుంట ఏ నంబరులో ఎంత వెడల్పున నున్నవో కలదు. నేడు కండ్లకు కనబడని వాగు కూడ పటములో నిలిచియుండును. అడంగలులో, ఈ-పంట నమోదులో ఏ ఏట ఏ నంబరులో ఏమి పండినదో కలదు. నివేదికలో ఒక పంట భూమి అని వ్రాసిన చోట అడంగలు రెండు పంటలు చూపినచో అది గట్టి అభ్యంతరము. అందుకనియే అడంగలును ఇంటివద్ద కూర్చుండి పాత ఏటిది చూచి వ్రాయరాదని మరల మరల చెప్పుట. వీటన్నిటికంటె మించినది మరియొకటి కలదు. తుపాను వచ్చిన ప్రతిసారియు మన వ్యవసాయశాఖ సిబ్బంది పొలము పొలము తిరిగి పంటనష్టపు జాబితాలు వ్రాయుదురు. పరిహారము పంచిన తరువాత ఆ జాబితాలు బీరువాకు చేరును. పది సంవత్సరముల జాబితాలను గ్రామ పటముపై గుర్తించి చూచినచో నీరు నిలుచు చోట్ల పటము తనంత తానే తయారగును. ఒక్కొక్క ప్రాంతములో అంతకంటె నమ్మదగిన ముంపు పటము మరియొకటి యుండదు. గ్రామ వ్యవసాయ సహాయకులు ఈ పని పథకము వచ్చువరకు ఆగకుండ ఇప్పుడే చేసిపెట్టుట బాగుండును.

అనుమతి వచ్చిన తరువాత

అనుమతి పత్రము ప్రతిని పథకమువారు పంచాయతీకి పంపవలెను. పంచాయతీ దానిని అందుకొన్న తేదీనుండి 30 దినములు అందరికి కనబడునట్లు ప్రదర్శింపవలెను. ఇది కార్యదర్శి బాధ్యత. ఏదియో ఇంగ్లీషు కాగితమని దస్త్రములో పెట్టివేసినచో గ్రామమునకు తీరని నష్టము జరుగవచ్చును. ఏలయనగా జాతీయ హరిత ట్రిబ్యునలునకు అప్పీలు చేయుటకు 2010 నాటి చట్టము ఇచ్చిన గడువు కూడ, అనుమతి సంగతి తెలియజేయబడిన తేదీనుండి 30 దినములే. తగిన కారణము చూపినచో మరి 60 దినములవరకు ట్రిబ్యునలు ఒప్పుకొనవచ్చును. ఆ తరువాత తలుపు మూతపడును. ఎంత న్యాయమైన ఫిర్యాదైనను ఆ దారిని పనికిరాదు. మన ప్రాంతమునకు ట్రిబ్యునలు దక్షిణ మండల ధర్మాసనము చెన్నైలో నున్నది. నష్టపరిహారము కోరని అప్పీలునకు 2011 నాటి నియమములలో నిర్ణయించిన రుసుము వేయి రూపాయలు. ప్రదర్శించిన తేదీని, తీసివేసిన తేదీని కాగితముపై వ్రాసి సంతకము చేయుట కార్యదర్శికే రక్షణ.

అనుమతి పత్రమును చదువునప్పుడు దాని చివరనున్న షరతులను చూడవలెను. గ్రామమునకు కావలసినది అక్కడనే యున్నది. వాన నీటి కాలువ ఎక్కడ కలియవలెను, మురుగు శుద్ధి ఎంతమేరకు చేయవలెను, దుమ్ము లేవకుండ నీరు చల్లవలెనా, సెల్లారు గోతులలో ఊరిన నీటిని తోడవచ్చునా అనునవి నంబర్లతో నుండును. మిరప పూత సమయమున బాట ప్రక్క చేలపై సిమెంటు దుమ్ము పడుచున్నప్పుడు ఊరక గొడవపడుటకంటె, ఫలానా నంబరు షరతు నడువలేదని కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయమునకు ఫొటోతో, తేదీతో వ్రాసినచో పని జరుగును. సెల్లార్లు త్రవ్వుచు రాత్రింబవళ్లు నీరు తోడుట వలన ప్రక్క బోర్లు తగ్గినట్లు తోచినచో, తోడకముందు బోరులో నీరు ఎన్ని అడుగులలో నుండెనో వ్రాసియుంచిన వానికే మాట చెల్లును. త్రాడుకు రాయి కట్టి కొలిచి గోడమీద వ్రాసికొన్నను చాలును.

షరతులు ఎంతవరకు నెరవేర్చిరో తెలుపుచు పథకమువారు ప్రతి సంవత్సరము జూన్ 1న, డిసెంబరు 1న నివేదికలు దాఖలు చేయవలెను. ఇవి ప్రజలు చూడదగిన పత్రములు. పోర్టలులో దొరకనిచో సమాచార హక్కు చట్టము క్రింద అడిగి తీసికొనవచ్చును. డిసెంబరు నివేదిక వచ్చునాటికి వానకాలము ముగియును. ఆ సంవత్సరము వాగు ఎక్కడివరకు వచ్చినదో ఊరిలో అందరికి జ్ఞాపకముండును. అందులో వాన నీటి కాలువలు సక్రమముగ పనిచేసినవని వ్రాసిన పుటను గ్రామసభలో చదివించి, ఆ మాట నిజమా కాదా అని పల్లపు చేల రైతులను అడిగి, వారు చెప్పినది తీర్మానపు పుస్తకములో ఎక్కించి, ప్రతిని మదింపు సంస్థకు పంపుటకు సర్పంచికి ఎవరి అనుమతియు అక్కరలేదు.